అమ్మకి దవడ పళ్లు: ఇంప్లాంటా, బ్రిడ్జా, తీసి పెట్టుకునే పళ్లా?

ఉలవచారు
అమ్మకి 62. తెనాలిలో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. కింద ఎడమ వైపు చివరి రెండు దవడ పళ్లు పుచ్చిపోతే రెండేళ్ల కిందట పీకేశారు. అప్పుడే ఏదో ఒకటి పెట్టించుకోమంటే "నవ్వితే కనపడేవి కాదుగా" అని ఊరుకుంది. ఇప్పుడు నమలడం అంతా కుడి వైపే. ఈ మధ్య ఆ వైపు పన్ను కూడా జివ్వుమంటోందట.

మూడు చోట్ల చూపించాం. మూడు మాటలు.

మొదటాయన: రెండు ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలోకి స్క్రూ దించి దాని మీద పన్ను క్యాపు పెట్టడం. క్యాపుతో కలిపి ఒక్కోటి 45 వేలు. ఎముక చాలని చోట నింపడానికి ఎముక పొడి వెయ్యాల్సొస్తే అది అదనం. మొత్తం నాలుగైదు నెలలు.
రెండో ఆయన: ఖాళీకి ముందున్న రెండు పళ్లు అరగదీసి బ్రిడ్జి (వాటి మీద కలిపి తొడిగే క్యాపులు) వేసి, దానికి వెనక్కి ఒక పన్ను వేలాడేలా చేస్తారట. 30 వేల లోపు.
మూడో చోట బోర్డు మీదే రాసుంది, 3 రోజుల్లో శాశ్వత దంతాలని. నోట్లో టార్చ్ వేసి చూసి, ఇవాళే అడ్వాన్స్ కడితే 20 శాతం తగ్గిస్తాం అన్నారు.

అమ్మకి షుగరుంది. నాన్నేమో తన పళ్ల సెట్టు తీసి చూపించి "నాలుగు వేలు, పదేళ్ల నుంచి ఇదే" అంటాడు. ఎవరైనా చేయించుకున్నవాళ్లు చెప్పండి.

చెకోడీ
మీ నాన్నగారు తీసి చూపించారా!! భోజనాల దగ్గర కాదు కదా

ఉలవచారు
భోజనాల దగ్గరే.

లెక్కల_మాస్టారు
బ్రిడ్జి వేయించండి. మా ఆవిడకి పన్నెండేళ్ల కిందట వేశారు, ఇప్పటికీ జంతికలు నములుతోంది. ఎముకలో స్క్రూలు దిగ్గొట్టించుకోవడం, నెలల తరబడి తిరగడం ఈ వయసులో అవసరమా? 90 వేలు ఎక్కడ, 30 వేలు ఎక్కడ.

బెజవాడ_ఎండ
మూడో చోటికి మాత్రం వెళ్లొద్దు. ఇవాళే కడితే తగ్గింపు అనేది చీరల కొట్లో బాగుంటుంది.

చిగురుటాకు
నేను చిగుళ్ల డాక్టర్ని, ఎండీఎస్. ఇక్కడ ఎప్పుడూ ఉంటాను కాబట్టి చెప్తున్నా. నోరు చూడకుండా వైద్యం చెప్పను, లెక్క మాత్రం చెప్తాను.

మాస్టారూ, మీ ఆవిడ గారికి పోయింది మధ్యలో పన్ను అయ్యుంటుంది. అటొకటి ఇటొకటి పళ్లు ఉంటే వాటి మీద బ్రిడ్జి నిలబడుతుంది. ఉలవచారు అమ్మగారికి పోయినవి చివరి రెండు. వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. అందుకే ఆ డాక్టర్ గారు వెనక్కి వేలాడదీస్తానన్నారు. చిన్న పళ్ల మీద దవడ పన్నంత బరువు వెనక్కి వేలాడితే, నమిలిన ప్రతిసారీ ముందు పళ్లని పైకి లాగుతుంది. కొన్నాళ్లకి సిమెంట్ ఊడుతుంది. లేదా లోపల పన్నే విరుగుతుంది. బాగున్న రెండు పళ్లని అరగదీసి మరీ ఈ తంటా తెచ్చుకోవడం నాకైతే నచ్చదు.

ఉలవచారు గారూ, మూడు విషయాలు చెప్పండి. అమ్మగారి మూడు నెలల షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ ఎంత? పొగాకు ఏ రూపంలోనైనా ఉందా? ఇంకేం మందులు వాడుతున్నారు, ముఖ్యంగా ఎముకలకి?

లెక్కల_మాస్టారు
అవును, మధ్యలోదే. చివరివైతే లెక్క వేరన్నమాట.

వదినమ్మ_కబుర్లు
మా మామగారి సంగతి చెప్తాను. కిందటేడు కింది దవడకి రెండు ఇంప్లాంట్లు వేయించాం. బీడీ మానమని డాక్టర్ ముందే చెప్పారు. ఇంట్లో మానేశారు, పెరట్లో మానలేదు. మూడో నెలలో ఒకటి నాలుకతో తోస్తేనే కదిలింది. నొప్పి కూడా లేదు, అదే విచిత్రం. డాక్టర్ వేళ్లతో తిప్పితే బయటికి వచ్చేసింది. లోపల ఎముక అసలు పట్టనే లేదట. గుంట మానడానికి కొన్ని నెలలు ఆగి మళ్లీ వేశారు, స్క్రూ డబ్బులు తీసుకోలేదు. రెండోది మాత్రం రాయిలా ఉంది.

ఉలవచారు
చిగురుటాకు గారూ, పొగాకు లేదు, వక్క కూడా లేదు. మూడు నెలల షుగర్ 8.4 వచ్చింది మొన్న. మందులంటే షుగర్‌కి, బీపీకి, కాల్షియం. ఇంకోటుంది, ప్రతి ఆదివారం పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకుని, అరగంట పడుకోకుండా కుర్చీలో కూర్చుంటుంది. కాఫీ కూడా ఆ తర్వాతే. మోకాళ్ల డాక్టర్ ఇచ్చారు. అదేమన్నా ముఖ్యమా?

చిగురుటాకు
చాలా ముఖ్యం. మూడు చోట్లా ఎవరూ అడగలేదా?

వారానికొకటి, పరగడుపున, అరగంట కూర్చోవాలి అంటే అది దాదాపుగా అలెండ్రోనేట్ లాంటి మందు. ఎముక అరిగిపోకుండా ఆపుతుంది. ఇక్కడే ఉంది చిక్కు. ఎముకలో పాతది కరుగుతూ కొత్తది పుడుతూ ఉంటేనే గాయం మానుతుంది. ఈ మందు ఆ కరగడాన్ని తగ్గిస్తుంది. దాంతో పన్ను పీకినా, స్క్రూ పెట్టినా, అరుదుగా కొందరిలో దవడ ఎముక మానకుండా బయటికి తేలి పాడవుతుంది.

భయపెట్టడానికి చెప్పట్లేదు. మాత్రలు వేసుకునేవాళ్లలో ఇది చాలా తక్కువ. క్యాన్సర్‌కి ఇదే జాతి మందు జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లు పెద్ద మోతాదులో తీసుకునేవాళ్లలో ఎక్కువ. మాత్రలు వాడేవాళ్లకి ఇంప్లాంట్లు వేస్తూనే ఉన్నాం. కానీ ఎన్నేళ్లుగా వాడుతున్నారు, షుగర్ ఎలా ఉంది అన్నవి చూసుకుని వెయ్యాలి. మందు ఇచ్చిన డాక్టర్‌తో మాట్లాడి రెండు మాటలు రాయించుకోండి. సొంతంగా ఆపకండి. అది ఎముకలో ఏళ్ల తరబడి ఉంటుంది, నాలుగు వారాలు మానితే ఒరిగేదేమీ లేదు. తుంటి విరిగితే అదింకా పెద్ద గొడవ.

షుగర్ 8.4 అంటే నేనైతే ఆగుతాను. 7 చుట్టుపక్కలకి తెచ్చుకుని రండి అంటాను.

కడప_కారందోసె
దీనికన్నా ఆ పక్క నమలకుండా వదిలేస్తే పోలా? మా జేజి నోట్లో మొత్తం కలిపి పది పళ్లు కూడా లేవు, సంగటి తింటా 88 ఏళ్లు బతికింది.

మూసీ_ఒడ్డు
సంగటికి పళ్లెందుకన్నా, మింగుడే కదా

చిగురుటాకు
నవ్వులాటకి అన్నా, కడప గారు అడిగింది సరైన ప్రశ్నే. ముందు పళ్లు, వాటి వెనకున్న చిన్న దవడ పళ్లు గట్టిగా ఉంటే, వెనకవి లేకపోయినా చాలామందికి బాగానే గడిచిపోతుంది. మొత్తం 20 పళ్లుంటే తిండికి ఇబ్బంది ఉండదని దంతవైద్యంలో పాత లెక్క ఒకటి ఉంది. ఏమీ చేయకపోవడం కూడా ఒక దారే. ఈ మాట ఏ క్లినిక్ బోర్డు మీదా కనపడదు.

కాకపోతే రెండు చూసుకోవాలి. కింద పన్ను లేకపోతే, పైన దానికి ఎదురుగా ఉన్న పన్ను అడ్డు లేక మెల్లగా కిందికి దిగుతుంది. బాగా దిగాక కింద పన్ను పెట్టడానికే చోటుండదు, అప్పుడు పైదాన్ని కూడా అరగదీయాలి. రెండోది, ఆవిడకి కుడి వైపు ఇప్పటికే జివ్వుమంటోంది. బరువంతా మోసేది ఆ వైపే.

పాతరేడియో
టైటానియం ఎముకకి పట్టుకుంటుందని తెలిసిందే అనుకోకుండా. స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే డాక్టర్, అసలు పళ్ల డాక్టరే కాదు. 1952లో కుందేలు కాలి ఎముక లోపల రక్తం ఎలా పారుతుందో చూద్దామని చిన్న టైటానియం గొట్టం బిగించాడు. ప్రయోగం అయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని కరిచి పట్టుకుంది. టైటానియం ఖరీదైంది కదా, మళ్లీ వాడుకుందామనుకున్నాడట పాపం.

1965లో గోస్టా లార్సన్ అనే ఆయనకి మొదటిసారి కింది దవడలో పెట్టాడు. ఆయన 2006లో పోయేదాకా, 40 ఏళ్లకి పైగా, అవే పళ్లతో తిన్నాడు. మిగతా డాక్టర్లు నమ్మడానికి మాత్రం 1982 దాకా పట్టింది. టొరంటోలో సమావేశం పెట్టి లెక్కలన్నీ చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నారు.

చెకోడీ
40 ఏళ్లు! మా ఇంట్లో మిక్సీకి రెండేళ్ల గ్యారంటీ

బెజవాడ_ఎండ
మరి ఈ 3 రోజుల పళ్ల సంగతేంటి డాక్టర్ గారూ? ఎముకకి నెలలు పడితే వీళ్లకి మూడు రోజుల్లో ఎలా అతుక్కుంటుంది?

చిగురుటాకు
అతుక్కోదు. మూడు రోజుల్లో వచ్చేది పన్ను, ఎముక పట్టు కాదు. కింది దవడలో స్క్రూ ఎముకతో కలవడానికి మామూలుగా మూడు నాలుగు నెలలు. పై దవడ ఎముక మెత్తన, ఆరు నెలల దాకా కూడా ఆగుతాం.

అలాగని వెంటనే పళ్లు పెట్టడం మోసం కూడా కాదు. నోట్లో పళ్లేమీ లేనివాళ్లకి నాలుగు స్క్రూల మీద మొత్తం వరస బిగించే పద్ధతి ఉంది, పోర్చుగల్ డాక్టర్ పాలో మాలో 1990ల్లో మొదలుపెట్టాడు. అక్కడ స్క్రూలన్నిటినీ ఒకే కడ్డీ కలిపి ఉంచుతుంది కాబట్టి ఏ ఒక్కటీ విడిగా కదలదు. అప్పుడు కూడా మొదట తాత్కాలికం పళ్లే. ఇంకో రకం, ఎముక అడుగున గట్టి పొరలోకి పొడుగు స్క్రూలు దించేవి. వాటి మీద మా డాక్టర్లలోనే గొడవలున్నాయి. ఎవరికి ఏది అనేది స్కాన్ చూసి చెప్పాలి, టార్చ్ వేసి కాదు. షుగర్ 8.4 ఉన్న మనిషికి రెండు విడి పళ్లు మూడు రోజుల్లో అంటే మాత్రం నేను నమ్మను.

డల్లాస్_బాబాయ్
నా కథ వినండి. ఇక్కడ ఒక్క పన్నుకి నాలుగు వేల డాలర్లు అన్నారు. టికెట్ డబ్బులు పోయినా లాభమేనని ఇండియా వచ్చినప్పుడు స్క్రూ వేయించుకుని, తర్వాతి ట్రిప్పులో క్యాప్ పెట్టించుకున్నా. పని శుభ్రంగానే చేశారు. మూడేళ్లకి క్యాప్ కాస్త కదలడం మొదలైంది. లోపల చిన్న స్క్రూ వదులైంది అంతే, బిగిస్తే అయిపోతుంది, రెండు నిమిషాల పని.

ఇక్కడి డెంటిస్టు మొదటి ప్రశ్న, ఏ కంపెనీది? నాకేం తెలుసు. ఒక్కో కంపెనీ స్క్రూ తల ఒక్కో రకం. ఒకదాని స్క్రూడ్రైవర్ ఇంకోదానికి పట్టదు. ఆ క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, చుట్టాన్ని పంపితే ఆ చోట ఇప్పుడు సెల్ ఫోన్ల షాపు ఉందన్నాడు. చివరికి ఎక్స్‌రేలో మరలు ఎలా ఉన్నాయో చూసి, పోల్చుకుని, ఇదీ అని తేల్చారు. ఆ తేల్చడానికి అయిన బిల్లు మీకు చెప్పను, బీపీ వస్తుంది.

ఇంప్లాంట్ డబ్బా మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ పేరు, లావు, పొడుగు, లాట్ నంబర్. దాన్ని అడిగి తీసుకుని ఫైల్లో అతికించుకోండి. ఫోటో తీసి పిల్లలకి కూడా పంపండి.

లెక్కల_మాస్టారు
ఇది మంచి మాట. బిల్లు మీద ఏ కంపెనీ అని కూడా రాయించుకోవాలి. స్విట్జర్లాండ్ స్ట్రామన్ అని చెప్పి ఏది పెట్టారో మనకేం తెలుస్తుంది, లోపలికి వెళ్లిపోయాక.

మూసీ_ఒడ్డు
అందుకే డబ్బా మన ముందు విప్పమని అడగాలె. మా నాయనకు ఆస్టెమ్ వేసిండ్రు, కొరియాది. సీల్ చూపించినంకనే విప్పిండ్రు.

మా దగ్గర ఇంకో ముచ్చట ఉంది. మాది నల్లగొండ జిల్లా. పాత నీళ్ల ఫ్లోరైడ్‌తోని నాయన పళ్లన్నీ గోధుమ మచ్చలే. క్యాప్ వచ్చినప్పుడు తెల్లగా మెరుస్తుంటే మా నాయన అద్దంల చూసుకుని "గిది నాది కాదు, ఎవరిదో పెట్టిండ్రు" అన్నడు. డాక్టర్ నవ్వి, దాన్ని ల్యాబ్‌కు వాపస్ పంపి, పక్క పన్ను ఫోటో తీసి అట్లనే మచ్చలు వేయించిండు. ఇప్పుడు ఏది సొంతమో ఏది పెట్టిందో మాకే తెల్వదు.

చెకోడీ
మచ్చలు అడిగి వేయించుకున్న మొదటి మనిషి మీ నాన్నగారే అయ్యుంటారు 😀

వదినమ్మ_కబుర్లు
ఇన్సూరెన్స్ ఏమన్నా వస్తుందా? మాకు ఒక్క రూపాయి రాలేదు.

లెక్కల_మాస్టారు
ప్రమాదంలో పళ్లు ఊడి ఆసుపత్రిలో చేరితే తప్ప చాలా పాలసీల్లో పళ్లకి రాదు. పాలసీ కాగితంలో మినహాయింపులు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి.

కడప_కారందోసె
గవర్నమెంట్ డెంటల్ కాలేజీలు ఉండాయి కదా. మా కడపలో ఉంది, బెజవాడలో ఉంది, హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లో ఉంది. మా చిన్నాయన్ని తీసుకుపోతే స్క్రూ, క్యాప్ సామాను ఖర్చు మీరే పెట్టుకోవాల, మిగతాది నామమాత్రం అన్యారు. పీజీ పిల్లోళ్లు చేస్తారు, వెనక ప్రొఫెసర్ నిలబడి చూస్తాంటాడు. పొద్దున పోతే మధ్యాన్నం దాకా వరసలో కూచోవాల, అది ఒక్కటే.

ఉలవచారు
అమ్మకి వచ్చే నెల మోకాలికి ఎమ్మారై ఉంది. స్క్రూ ఉంటే చేయరంటోంది పక్కింటావిడ.

చిగురుటాకు
టైటానియాన్ని అయస్కాంతం లాగదు. మోకాలి ఎమ్మారైకి నోట్లో స్క్రూ అడ్డు కాదు, స్కాన్ చేసేవాళ్లకి ఒక మాట చెప్తే చాలు. తల ఎమ్మారై అయితే ఆ చుట్టుపక్కల బొమ్మ కాస్త చెదురుతుంది.

బెజవాడ_ఎండ
పక్కింటావిడలు లేకపోతే ఈ ఫోరమ్ నడవదు.

వదినమ్మ_కబుర్లు
వేయించుకున్నాక సంగతి కూడా చెప్పాలి. ఇంప్లాంట్ పుచ్చదు కదా అని మా మామగారు బ్రష్ కూడా తగ్గించేశారు. చిగురు ఉబ్బి రక్తం వచ్చింది. క్యాప్ అడుగున సందులో తోమడానికి సీసాలు కడిగే బ్రష్ లాంటిది బుల్లిది ఇచ్చారు. రాత్రి పూట దాన్ని ఆ సందులో ఇటు నుంచి అటు పోనిచ్చి లాగాలి. మొదట్లో తిట్టుకున్నారు గానీ ఆ బ్రష్ బయటికి వచ్చాక వాసన చూసి తనే మొహం చిట్లించుకుని రోజూ చేస్తున్నారు.

చిగురుటాకు
వదినమ్మ గారు చెప్పిందే నా రోజువారీ పని. పన్ను పుచ్చదు గానీ చుట్టూ చిగురుకీ ఎముకకీ ఇన్‌ఫెక్షన్ వస్తుంది. సొంత పన్నుకి వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి పీచు పొర ఉంటుంది, నొప్పి, ఒత్తిడి అక్కడే తెలుస్తాయి. ఇంప్లాంట్‌కి అది లేదు. అందుకే ఎముక సగం కరిగిపోయే దాకా మనిషికి తెలియకపోవచ్చు. ఆరు నెలలకోసారి చూపించుకోవడం అందుకే. రాయి కొరికినా సొంత పన్నులా వెంటనే నోరు వెనక్కి తీసుకోదు, క్యాప్ పింగాణీ పగులుతుంది. మటన్ బొక్కలు అటు పక్క వద్దు.

మూసీ_ఒడ్డు
ఇది మా నాయనకు చెప్పను. మూలుగు బొక్క లేకపోతే పండుగే కాదు ఆయనకు.

ఉలవచారు
అప్‌డేట్. మొదటి డాక్టర్ దగ్గరికే మళ్లీ వెళ్లాం, ఈసారి మందుల చీటీలన్నీ పట్టుకుని. ఆదివారం మాత్ర సంగతి చెప్పగానే ఆయన పెన్ను పక్కన పెట్టి, ఎన్నేళ్లుగా అని అడిగారు. మూడేళ్లు దాటింది. సీబీసీటీ అని దవడకి తీసే 3డీ ఎక్స్‌రే స్కాన్ తీయించారు. ఆ స్కాన్‌లో దవడని బ్రెడ్డు ముక్కల్లా అడ్డంగా కోసి చూపిస్తారు, కింద నరం నల్లటి చుక్కలా కనిపిస్తోంది. స్క్రూ దానికి రెండు మిల్లీమీటర్లు పైనే ఆగాలట, తగిలితే పెదవి తిమ్మిరి ఉండిపోతుందట. ఎత్తు సరిపోతుంది, వెడల్పు మాత్రం చివరి పన్ను చోట బాగా తగ్గిపోయింది అన్నారు. రెండేళ్లు ఖాళీగా వదిలేస్తే ఎముక ఇలాగే కుంగుతుందట.

ఇప్పటికి తేలింది ఏంటంటే, రెండు వద్దు, ఒక్కటి చాలు, వెడల్పున్న చోట. ఎముక పొడి పని లేకుండా. అదీ షుగర్ దిగి, మోకాళ్ల డాక్టర్ చీటీ వచ్చాకే. అప్పటిదాకా తీసి పెట్టుకునే పన్ను కావాలంటే చేస్తానన్నారు. అమ్మ వద్దంది. నాన్న సెట్టు చూసి చూసి ఆవిడకి విరక్తి.

లెక్కల_మాస్టారు
90 వేలు 45 అయ్యాయి. ఈ థ్రెడ్ ఫీజు ఎవరికి కట్టాలి?

చెకోడీ
డాక్టర్ గారికి ఒక సీసా ఉలవచారు పార్సిల్

చిగురుటాకు
ఉలవచారు అయితే వద్దనను. మంచి నిర్ణయం. కుడి వైపు జివ్వుమనే పన్నుకి కూడా ఎక్స్‌రే తీశారా? పైపై పుచ్చు అయితే ఇప్పుడే సిమెంట్‌తో పోతుంది. ఆలస్యమైతే రూట్ కెనాల్, ఇంకా ఆలస్యమైతే పీకడం. ఆదివారం మాత్ర వేసుకునే మనిషికి పీకే పరిస్థితి రాకుండా చూసుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం. ఇంప్లాంట్ ఆగొచ్చు, అది ఆగదు.

ఉలవచారు
తీయలేదు. శనివారం తెనాలి వెళ్తున్నా, ముందు అదే.

కడప_కారందోసె
డాక్టర్ సారూ, మా పిల్లోడికి 15. క్రికెట్ బంతి తగిలి ముందు పన్ను పోయింది. ఇంప్లాంట్ ఎప్పుడు వేయించొచ్చు?

చిగురుటాకు
ఇప్పుడు కాదు. దవడ ఇంకా పెరుగుతోంది. పక్క పళ్లు దవడతో పాటు కిందికి వస్తాయి, స్క్రూ మాత్రం వేసిన చోటే ఉండిపోయి, కొన్నేళ్లకి ఆ పన్ను పొట్టిగా పైన కనపడుతుంది. 18 దాటి ఎదుగుదల ఆగిందని చూసుకున్నాకే. ఈలోగా పక్క పన్నుకి వెనక నుంచి అతికించే పన్ను ఉంటుంది, పెద్దగా అరగదీయకుండానే చేస్తారు. వేరే టాపిక్ తెరిచి ఎక్స్‌రే పెట్టండి, బాబు పేరు కనపడకుండా చెరిపేసి.